594 హెక్సుల మ్యాప్‌లో నది కొండలు దాటేసింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న

నమస్కారం అండీ. ఎనిమిది నెలలుగా నా రోల్‌ప్లేయింగ్ ఆట క్యాంపెయిన్ (సెషన్ల వారీగా సాగే ఒకే పెద్ద కథ) కోసం ఒక హెక్స్ మ్యాప్, అంటే ఆరు పలకల గడుల మ్యాప్, చేత్తో వేస్తున్నాను. ఏ4 కాగితం. ఒక్కో హెక్స్ పై అంచు నుంచి కింది అంచుకి సరిగ్గా 1 సెంటీమీటరు. మార్జిన్ పోను 22 నిలువు వరుసలు, వరుసకి 27 హెక్సులు, మొత్తం 594. హెక్స్‌కి 6 మైళ్ల స్కేల్ పెట్టుకున్నాను.

ఇప్పటికి 212 హెక్సులు ఇంకు చేశాను. మొదట పెన్సిల్, తరువాత తీరరేఖకి 0.3 మిల్లీమీటర్ల పెన్ను, చెట్లకీ గడ్డికీ 0.1. అడవి హెక్స్ వస్తే చెట్లు ఒక్కొక్కటీ విడిగా వేస్తాను. ఆకురాల్చే చెట్టుకి గుండ్రటి తల, కొండవాలు చెట్టుకి కోసుగా ఉండే తల, ప్రతి చెట్టుకీ కుడివైపు మూడు చిన్న నీడగీతలు. ఒక అడవి హెక్స్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలు నాకు చాలా ఇష్టం.

పోయిన సెషన్‌లో ఒక ప్లేయర్ మ్యాప్ మీదికి వంగి, వేగిని నది వెంట వేలు పెట్టి తూర్పు నుంచి పడమటికి జరుపుతూ వచ్చారు. ఏడుపడగల కొండల దగ్గర వేలు ఆగింది. "ఈ నీళ్లు కొండ ఎక్కి అవతలికి ఎలా దిగాయి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నది తూర్పున అద్దంచెరువులో పుట్టి, 1216, 1116, 1016 హెక్సుల్లో (మొదటి రెండంకెలు పడమటి నుంచి నిలువు వరుస, తరువాతి రెండు ఆ వరుసలో హెక్స్) కొండలు దాటి, 0918 దగ్గర రెండుగా చీలి, ఒక పాయ పడమటి సముద్రానికి, ఇంకోటి దక్షిణ సముద్రానికి పోతుంది. గీసేటప్పుడు అందంగా కనిపించింది. ఇప్పుడు ఆ కాగితం తీసి చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

రెండో సంగతి. ఆరు సెషన్లలో ప్లేయర్లు నడిచింది తొమ్మిది హెక్సులు. 0713లో కూలిన కావలి బురుజు దగ్గర ఆగి, పక్క హెక్స్ గురించి అడిగారు: అటు పొగ కనిపిస్తోందా, వాగు దాటే చోటుందా, గుర్రాలు పోతాయా అని. ఆ పక్క హెక్స్ 0714లో నేను ముప్ఫై ఒక్క చెట్లు వేశాను. వాళ్లు అడిగినదానికి ఆ ముప్ఫై ఒక్క చెట్లలో ఒక్కటీ జవాబు చెప్పలేదు.

అందుకే అడుగుతున్నాను. నది కోసం మ్యాప్ మొత్తం మళ్లీ వేయాలా? మిగిలిన 382 హెక్సుల్లో ఎంత డీటెయిల్ పెట్టాలి, ఎలాంటిది పెట్టాలి? చేత్తో గీయడం మాత్రం మానమనకండి.

మొదటి జవాబు

మ్యాప్ చింపకండి. ముందు ఇంకో కాగితం మీద ఇదే గ్రిడ్ ప్రింట్ తీసి, బొమ్మలేవీ లేకుండా ప్రతి హెక్స్‌లో ఎత్తు మాత్రం ఒక అంకెగా రాయండి. సముద్రం 0, శిఖరాలు 9. నదికి ఒకటే రూలు: ఉన్న హెక్స్ నుంచి చుట్టూ ఉన్న ఆరింటిలో అన్నిటికంటే తక్కువ అంకె ఉన్నదానిలోకి దిగుతుంది. ఉదాహరణకి మీ 0713కి ఎత్తు 4 వేసి, చుట్టూ 5, 5, 4, 3, 6, 4 అని రాశారనుకోండి. నీళ్లు 3 వైపే పోవాలి. చుట్టూ అన్నీ ఎక్కువ అంకెలే అయితే అక్కడ చెరువు. అది నిండి, గట్టు ఎక్కడ తక్కువగా ఉంటే అక్కడి నుంచి పొర్లుతుంది. చేరే నీటికంటే ఆవిరయ్యేది ఎక్కువైతే పొర్లదు, ఉప్పు సరస్సుగా ఉండిపోతుంది. కాస్పియన్, మృత సముద్రం అలాంటివే.

ఒక గంట పని. మిగతా 382 హెక్సులకి ఇది ముందే చేసుకుంటే మళ్లీ ఈ బాధ రాదు. నేను ఇంకు పట్టుకునే ముందు అంకెల కాగితం లేకుండా ఒక్క గీత కూడా గీయను.

రెండో జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చెట్టుకి మూడు నీడగీతలు వేసేవాళ్లకి జవాబు తొందరగా రాయకూడదనిపించింది. నేను పదకొండేళ్లుగా జీఎమ్‌గా (గేమ్ మాస్టర్, అంటే ఆట నడిపేవాళ్లు) ఆడిస్తున్నాను, మ్యాపులన్నీ చేత్తోనే.

నది సంగతి ముందు. మీ వేగినిలో రెండు వింతలున్నాయి: కొండలు దాటడం, రెండుగా చీలడం. మొదటిది తప్పే కాదు. నది ముందు ఉండి, కొండలు తరువాత మెల్లగా పైకి లేస్తే, లేస్తున్నంత కాలం నది తన దారిని కోసుకుంటూనే ఉంటుంది. సింధు, బ్రహ్మపుత్ర హిమాలయాలను చీల్చుకుని బయటికి రావడానికి కారణం ఇదేనంటారు. అంటే వేగిని ఏడుపడగలను ఎక్కలేదు, కోసింది. ఆ మూడు హెక్సులూ కలిపి 18 మైళ్ల లోయ. ఇరువైపులా నిట్టనిలువు గోడలు, అడుగున వేగంగా నీళ్లు, పైనుంచి చూస్తే నది వెండితీగలా కనిపించే లోతు. తూర్పు నుంచి పడమటికి సరుకు తేవాలంటే కొండల మీదుగా వారం, లోయలోంచి రెండు రోజులు. ఆ లోయ ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్లది. మీ ప్లేయర్ వేలు ఆగింది సరిగ్గా అక్కడే కదా! ఆ మూడు హెక్సుల్లో కొండ సింబల్స్ అలాగే ఉంచి, నదికి రెండు పక్కలా పొట్టి గీతలు నిలువుగా, దగ్గరదగ్గరగా వేయండి. నిట్టనిలువు గోడ అని చూడగానే తెలుస్తుంది. కొత్త కాగితం అక్కర్లేదు.

చీలడం మాత్రం వేరు. నదులు పైనుంచి వస్తూ కలుస్తాయి, చీలవు. సముద్రం దగ్గర డెల్టాలో చీలడం సహజం. నట్టనడి భూమిలో చీలి రెండు వేర్వేరు పరివాహకాల్లోకి పోయే నది ప్రపంచంలో లేకపోలేదు. వెనిజ్వెలాలో కాసికియారే అలాంటిదే, ఒరినోకో నీళ్లలో కొంత భాగాన్ని అమెజాన్ వైపు తీసుకుపోతుంది. కానీ ఒకే నదికి రెండు వింతలు పెడితే ప్లేయర్ రెండింటినీ నమ్మరు. లోయ ఉంచండి, చీలిక తీసేయండి. దక్షిణ పాయ 0919లో ఒక చిన్న గుట్ట మీద పుట్టే వేరే నది అనుకోండి. అప్పుడు మారాల్సింది 0918 ఒక్కటే. 594లో ఒక్కటి!

గాలి ఎటు నుంచి వీస్తుందో కూడా ఇప్పుడే తేల్చుకోండి. పడమటి సముద్రం మీంచి అయితే వాన ఏడుపడగల పడమటి వాలు మీదే కురిసిపోతుంది, తూర్పు వైపు ఎండుగా ఉంటుంది. ఆండీస్ పర్వతాలు పడమటి గాలిని ఆపేసినందుకే తూర్పున పటగోనియా అంత పొడిగా ఉంది. మరి అలాంటి ఎండు నేలలో మీ అద్దంచెరువుకి నీళ్లెక్కడివి? ఇంకా తూర్పున, మ్యాప్ అంచుకి అవతల మంచుకొండలు ఉండాలి. వాటిని గీయనక్కర్లేదు. వేసవిలో చెరువు నీళ్లు చేయి పెట్టలేనంత చల్లగా ఉంటాయని ప్లేయర్లతో ఒక్క మాట అంటే చాలు, అవతల మంచు ఉందని వాళ్లే ఊహిస్తారు.

ఇక డీటెయిల్. 594 హెక్సులు అంటున్నారు. 6 మైళ్ల హెక్స్ వైశాల్యం సుమారు 31 చదరపు మైళ్లు. మొత్తం కలిపితే 18,500 చదరపు మైళ్లు, అంటే దాదాపు స్లొవేకియా దేశమంత. ఒక దేశాన్ని అంతటా ఒకే లోతులో ఎవరూ వర్ణించలేరు, చదివేవాళ్లకీ అక్కర్లేదు. మీ ప్లేయర్లు 0713లో అడిగిన మూడు ప్రశ్నలు మళ్లీ చూడండి. ఒకటి ఇక్కడి నుంచి కనిపించేది, మిగతా రెండూ దారి. నడిచేవాళ్లకి కావాల్సింది ఎప్పుడూ ఈ రెండే. అందుకే నేను ఒక హెక్స్ గురించి రాసేటప్పుడు, పక్క హెక్స్‌లో నిలబడి రాస్తాను.

కంటిచూపుకి లెక్క ఉంది. నేల చదునుగా ఉంటే, 1.7 మీటర్ల ఎత్తు కంటికి దిగంతం సుమారు 4.7 కిలోమీటర్ల దూరం. 6 మైళ్ల హెక్స్ మధ్య నుంచి అంచుకి 3 మైళ్లు, అంటే 4.8 కిలోమీటర్లు. అంటే హెక్స్ నడుమ నిలబడినవాళ్లకి కనిపించే నేల దాదాపు ఆ హెక్స్ అంచు దాకానే. అదే 30 మీటర్ల బురుజు ఎక్కితే 19 కిలోమీటర్ల పైచిలుకు, సుమారు రెండు హెక్సుల దూరం. మైదానం నుంచి 1000 మీటర్లు లేచిన శిఖరమైతే, గాలి తేటగా ఉన్న రోజున 110 కిలోమీటర్ల అవతల నుంచి కూడా కనిపిస్తుంది. అది పదకొండు హెక్సుల పైమాటే. కాబట్టి ముందు గీయాల్సినవి శిఖరాలు. మ్యాప్‌లో సగం చోట్ల నుంచి ప్లేయర్లు వాటిని చూస్తూనే ఉంటారు. ప్రతి శిఖరానికీ వేరే ఆకారం ఇవ్వండి, మీ చేతికి ఆ నేర్పు ఉంది. కొండలకి పడమట ఉన్నప్పుడు వంకర తిరిగిన పడగ కుడివైపు కనిపిస్తే ఉత్తరానికి పోతున్నట్టు, ఎడమవైపు కనిపిస్తే దక్షిణానికి అని వాళ్లే దారి పట్టుకుంటారు.

హెక్స్ నోట్స్‌కి నాకు మూడు వాక్యాలు అలవాటు. మొదటిది దూరం నుంచి కనిపించేది, రెండోది అడుగు పెడితే తెలిసేది, మూడోది వెతికితే దొరికేది. మీ 0714నే తీసుకుంటాను. "దూరానికి: చెట్ల తలల పైన సన్నటి పొగ, తెల్లవారుజామున మాత్రమే. అడుగు పెడితే: వాగు నడుము లోతు, గుర్రాన్ని పట్టుకుని నడిపించాలి, గట్టు మీద కొత్త బండి చక్రాల జాడ. వెతికితే: బొగ్గు కాల్చే కుటుంబం, బురుజు కూలిన రాత్రి చూసిన ముసలామె." ఇంతే. ఇది రాయడానికి నాలుగు నిమిషాలు పట్టింది. మీ ముప్ఫై ఒక్క చెట్లలో ఒకదాని పక్కన పొగగీత ఒకటి చేర్చండి, బొమ్మ కూడా మాట్లాడుతుంది.

ఎన్నిటికి రాయాలంటారా? ప్లేయర్లు ఉన్న హెక్స్, దాని చుట్టూ మూడు వలయాలు. 1, 6, 12, 18 కలిపితే 37. దారి బాగుంటే రోజుకి 24 మైళ్లు, అంటే నాలుగు హెక్సులు నడుస్తారు. అడవిలో అందులో సగం. ఒక సెషన్‌లో వాళ్లు ఆ 37 దాటి పోవడం అరుదు. ఒకవేళ దాటినా, అవతలి వలయంలో దూరం నుంచి కనిపించేది అన్న ఒక్క వాక్యం ఉంటే నిలదొక్కుకోవచ్చు. 37లో కూడా మూడు వాక్యాలూ పదీ పన్నెండింటికే రాయండి. మిగతావాటికి ఒకటే. దాటడానికి ఆరు మైళ్ల గడ్డి తప్ప ఏమీ లేని హెక్స్ కూడా ఉండాలి. అది లేకపోతే బురుజుకి విలువ లేదు.

మూడో జవాబు

పైన రాసినవారి మాటలు చాలావరకు ఒప్పుకుంటాను, ఒక్క చోట తప్ప. నది హెక్స్ మధ్యలోంచి పోతుందా, అంచు వెంట పోతుందా అన్నది ఎవరూ అడగలేదు. "వాగు దాటే చోటుందా" అన్న ప్రశ్నకి జవాబు దాని మీదే ఉంది. అంచు వెంట వేస్తే ఈ హెక్స్ నుంచి ఆ హెక్స్‌కి పోవాలంటే దాటాల్సిందేనని రూలు దానంతటదే వస్తుంది. బోర్డు యుద్ధక్రీడల్లో చాలావాటిలో అలాగే ఉంటుంది. మన ఆటలకి హెక్సులు వచ్చింది కూడా అటువైపు నుంచే. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లేయింగ్ ఆట మొదట వచ్చినప్పుడు, అడవుల్లో తిరగడానికి అవలాన్ హిల్ కంపెనీ వాళ్ల అవుట్‌డోర్ సర్వైవల్ బోర్డు వాడుకోమన్నారు, హెక్స్‌కి 5 మైళ్ల లెక్కన. పెద్ద నదులు అంచు వెంట, వాగులు మధ్యలోంచి వేయమని నా సలహా. లోయ మాత్రం మధ్యలోనే ఉండనివ్వండి, అక్కడ నదే దారి.

ఇంకోటి. చేత్తోనే వేయండి, కానీ ఒకే కాగితం మీద అన్నీ వేయకండి. నేల కింది కాగితం మీద. దాని పైన ట్రేసింగ్ షీట్ మీద దారులు, ఊళ్లు, సరిహద్దులు. ఇంకో షీట్ మీద మీకు మాత్రమే తెలిసిన రహస్యాలు. రాజ్యం మారితే పై షీట్ మారుస్తారు, చెట్లు అలాగే ఉంటాయి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో లేయర్లు చేసే పని ఇదే. స్కాన్ చేసుకుంటే గ్రిడ్‌నీ నంబర్లనీ విడి లేయర్‌లో పెట్టి, ప్లేయర్లకి నంబర్లు లేని ప్రింట్ ఇవ్వొచ్చు. వాళ్ల చేతికి హెక్స్ గీతలు కూడా ఇవ్వకండి. హెక్స్ మీ లెక్క కోసం. వాళ్ల లోకంలో ఎవరూ షడ్భుజాల్లో నడవరు.

స్కేల్ మార్చే ఆలోచన వస్తే కూడా ఒక మాట. గ్రిడ్‌కి వాలుగా పోయే దారిలో హెక్సులు లెక్కపెడితే అసలు దూరం కంటే 15 శాతం దాకా ఎక్కువ వస్తుంది. పొడుగు ప్రయాణాలకి స్కేలు పెట్టి కొలవండి, హెక్సులు లెక్కపెట్టకండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ ధన్యవాదాలు. రాత్రి అంకెల కాగితం వేశాను. గంట అన్నారు, నాకు మూడు గంటలు పట్టింది, ఎందుకంటే మధ్యలో ఆగలేకపోయాను. వేగినితో పాటు ఇంకో రెండు వాగుల్లో తప్పు దొరికింది. రెండూ ఇంకా పెన్సిల్‌లోనే ఉన్నాయి కాబట్టి బతికిపోయాను.

లోయ నిలబెట్టుకుంటున్నాను. 1116లో నిట్టనిలువు గోడల గీతలు వేశాను. పని అయ్యాక దీపం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూశాను. ఎనిమిది నెలల్లో ఆ కాగితం మీద మొదటిసారి ఒక చోటికి లోతు వచ్చినట్టనిపించింది. పెద్ద నదిని అంచుల వెంటకి మార్చడం మాత్రం ఇప్పుడు నా వల్ల కాదు. దాని బదులు దాటే రేవులున్న చోట నది గీతని రెండు చుక్కలతో తెంపుతున్నాను. చుక్కలున్న చోట దాటొచ్చు, లేనిచోట పడవ కావాలి.

ఒక్కటే మిగిలింది. 0918లో చీలిక ఇంకుతో ఉంది. బ్లేడుతో గోకి చూశాను, కాగితం పీచు లేచింది. ఇంకా గోకితే చిల్లు పడేట్టుంది. వైట్ ఇంకు పూస్తే దాని మీద 0.1 పెన్ను పాకుతోంది. ఎవరైనా ఇలాంటిది చక్కబెట్టారా?

రెండో జవాబు రాసినవారు

గోకడం ఆపేయండి. అదే రకం కాగితం ముక్క మీద 0918ని దాని గ్రిడ్ అంచులతో సహా కొత్తగా గీసి పూర్తిగా ఆరనివ్వండి. దాన్ని మ్యాప్ కింద పెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని రెండింటి గీతలూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చేలా చూసుకుని, టేపుతో బిగించండి. ఇప్పుడు కొత్త బ్లేడుతో, లోహపు స్కేలు పెట్టి, ఆరు అంచుల మీదా రెండు కాగితాలూ ఒకేసారి తెగేలా కోయండి. పాత హెక్స్ ఊడి వస్తుంది, కొత్తది ఆ ఖాళీలో వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంటుంది. వెనక నుంచి పల్చటి కాగితం అతికించి, బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. కోత గ్రిడ్ గీత మీదే పడుతుంది కాబట్టి, ఆ గీతని ఇంకోసారి ఇంకు చేస్తే అతుకు కనిపించదు. ముందు పాడైన కాగితం మీద రెండుసార్లు ప్రాక్టీస్ చేయండి. మూలల దగ్గర బ్లేడు గీత దాటి ముందుకి పోకుండా, ప్రతి కోతా మూల దగ్గర మొదలుపెట్టి మధ్యలో ఆపి, అవతలి మూల నుంచి మళ్లీ రండి.

ఊడి వచ్చిన ముక్క పారేయకండి.

ప్రశ్న వేసినవారు

మూడో ప్రాక్టీస్‌కి కుదిరింది, నిన్న అసలు మ్యాప్ మీద చేశాను. వేలితో తడిమితే తెలుస్తోంది, కంటికి తెలియడం లేదు. పాత 0918 నోట్‌బుక్‌లో అంటించి పెట్టుకున్నాను.

ఈ ఉదయం 0713 చుట్టూ 37 హెక్సుల నోట్స్ మొదలుపెట్టాను. ఇప్పటికి పద్నాలుగు అయ్యాయి. 0714లో ముప్ఫై ఒకటో చెట్టు పక్కన పొగ వేశాను.